పిల్లలకు బెయిల్: న్యాయమండలి అడిగే ప్రశ్న వేరు

2024 మే 19, ఆదివారం. తెల్లవారుజామున పుణెలోని కల్యాణీనగర్‌లో ఒక పోర్షే కారు మోటారు సైకిల్‌ను ఢీకొట్టింది. బండి మీద వెళ్తున్న ఇద్దరు యువ సాఫ్ట్‌వేర్ ఇంజినీర్లు ప్రాణాలు కోల్పోయారు. కారు నడిపాడని పోలీసులు చెప్పిన కుర్రాడికి పదిహేడేళ్లు. ఆ రోజే అతనికి బెయిల్ వచ్చింది. పెట్టిన షరతుల్లో ఒకటి, రోడ్డు ప్రమాదాల మీద 300 పదాల వ్యాసం రాయడం.

రెండు నిండు ప్రాణాలకు 300 పదాలా అని దేశమంతా మండిపడింది. అంతకు రెండేళ్ల ముందు హైదరాబాద్ కూడా ఇలాంటి కోపాన్నే చూసింది. 2022 మేలో జూబ్లీహిల్స్‌లో జరిగిన సామూహిక అత్యాచారం కేసులో ఐదుగురు మైనర్లు, ఒక మేజర్ నిందితులు. రెండు నెలలు తిరగకముందే మైనర్లు బెయిల్ మీద బయటకు రావడం మొదలైంది. ‘చిన్నపిల్లలంటే ఏం చేసినా చెల్లుతుందా?’ అని అడగని ఇల్లు లేదు.

ఆ కోపంలో న్యాయం ఉంది. అయితే దానితో పాటు ఒక పొరపాటు కూడా ఉంది. పెద్దవాళ్ల బెయిల్‌ను కొలిచే కొలబద్దతోనే పిల్లల బెయిల్‌ను కొలుస్తున్నాం. చట్టం మాత్రం ఈ రెంటినీ వేర్వేరుగా చూస్తుంది. పెద్దవాళ్ల విషయంలో కోర్టు మొదట చూసేది ‘ఏం చేశాడు, ఆధారాలు ఎంత గట్టివి?’ అన్నది. పిల్లల విషయంలో, వారి కేసులు వినే న్యాయమండలి చూడవలసింది ‘ఇంటికి పంపితే ఈ పిల్లవాడికి ఏమవుతుంది?’ అన్నది. మిగతా చిక్కులన్నీ ఈ ఒక్క తేడాలోంచి పుట్టినవే.

మాటలతోనే మొదలయ్యే తేడా

బెయిల్ అంటే కేసు కొట్టేయడం కాదు, నిర్దోషి అని తేల్చడమూ కాదు. విచారణ ముగిసేలోగా నిర్బంధంలో ఉంచకుండా, పిలిచినప్పుడు వస్తానన్న హామీ మీద బయట ఉండనివ్వడం. ఆ హామీనే పూచీకత్తు అంటారు. మరొకరు వచ్చి ‘వీడు రాకపోతే నాదీ పూచీ’ అని సంతకం పెడితే అది జామీను, ఆ పెట్టినవారు జామీనుదారు.

పెద్దవాళ్ల చట్టంలో నేరాలు రెండు రకాలు. బెయిలబుల్ నేరమైతే బెయిల్ హక్కు. నాన్ బెయిలబుల్ అయితే కోర్టు విచక్షణ. నాన్ బెయిలబుల్ అంటే బెయిలే రాదని చాలామంది అనుకుంటారు, అది అపోహ.

ఇక పిల్లల సంగతి. 2016 జనవరి 15 నుంచి అమల్లో ఉన్న 2015 నాటి జువెనైల్ జస్టిస్ చట్టం ప్రకారం పద్దెనిమిదేళ్లు నిండని ప్రతి ఒక్కరూ బాలలే. వార్తల్లో మనం రాసే ‘బాల నేరస్థుడు’ అనే మాట చట్టంలో లేదు, ‘చట్టంతో విభేదించిన బాలలు’ అని ఉంటుంది. వినడానికి కృతకంగానే ఉంటుంది కానీ, కావాలనే పెట్టారు. నిందితుడు, అరెస్టు, దోషి లాంటి మాటలు ఒకసారి అంటుకుంటే బడిలోనూ బజారులోనూ వదలవని చట్టసభకు తెలుసు.

కేసు వెళ్లేది మామూలు కోర్టుకు కాదు, జువెనైల్ జస్టిస్ బోర్డుకు, అంటే బాలల న్యాయమండలికి. ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు కూర్చుంటారు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ. అక్కడ ఎత్తైన వేదిక, బోను ఉండకూడదని 2016 నాటి నమూనా నియమాలు చెబుతాయి.

సెక్షన్ 12 ఏం చెబుతుంది

పిల్లల బెయిల్ మొత్తం జువెనైల్ జస్టిస్ చట్టంలోని ఈ సెక్షన్ చుట్టూ తిరుగుతుంది. బాలుడిగా కనిపిస్తున్న వ్యక్తి మీద ఆరోపణ బెయిలబుల్ నేరమైనా, నాన్ బెయిలబుల్ నేరమైనా, క్రిమినల్ ప్రొసీజర్ చట్టంలో గానీ మరే చట్టంలో గానీ ఏమున్నా, అతణ్ని విడుదల చేయాలి. జామీను తీసుకుని గానీ, తీసుకోకుండా గానీ వదలవచ్చు. లేదా ప్రొబేషన్ అధికారి (పిల్లవాడి ఇంటి పరిస్థితులు విచారించి బోర్డుకు నివేదిక ఇచ్చే అధికారి) పర్యవేక్షణలోనో, తగిన వ్యక్తి సంరక్షణలోనో ఉంచవచ్చు. ‘చేయవచ్చు’ అని కాదు, ‘చేయాలి’ అని ఉంది. పెద్దవాళ్లకు కోర్టు విచక్షణగా ఉన్నది ఇక్కడ నియమం. విడుదల చేయకపోవడమే మినహాయింపు.

‘మరే చట్టంలో ఏమున్నా’ అన్న మాట చిన్నదే కానీ, కేసులను తిప్పేసే మాట. ఎలాగో కాసేపటికి చూద్దాం.

ఒకే ఫోను, ఇద్దరు అన్నదమ్ములు

ఊహించిన ఉదాహరణ ఒకటి తీసుకుందాం. విజయవాడ బస్టాండులో బెంచీ మీద పెట్టిన ఫోను పోయింది. ఇద్దరు అన్నదమ్ములు పట్టుబడ్డారు. అన్నకు పందొమ్మిది, తమ్ముడికి పదహారు. భారతీయ న్యాయ సంహిత ప్రకారం మామూలు దొంగతనానికి గరిష్ఠంగా మూడేళ్ల జైలు. నేరం నాన్ బెయిలబుల్.

అన్నను అరెస్టు చేశారనుకుందాం. ఏడేళ్ల లోపు శిక్ష పడే నేరాల్లో అరెస్టు అన్నిసార్లూ అవసరం లేదు, అయినా జరుగుతూనే ఉంటాయి. అతణ్ని లాకప్‌లో ఉంచుతారు, మేజిస్ట్రేట్ ముందు హాజరు పరుస్తారు. లాయరు బెయిల్ పిటిషన్ వేస్తే ప్రభుత్వ న్యాయవాది అభ్యంతరం చెబుతారు. పాత కేసులున్నాయా, ఊరు విడిచి పోతాడా, సాక్షులను బెదిరిస్తాడా అని చూసి మేజిస్ట్రేట్ నిర్ణయిస్తారు.

తమ్ముడిని లాకప్‌లో పెట్టకూడదు, జైలుకు పంపకూడదు, చేతికి సంకెళ్లు వేయకూడదు. స్టేషన్‌లో పిల్లల బాధ్యత చూసే పోలీసు అధికారికి అప్పగించాలి. ఆయన యూనిఫాంలో కాకుండా మామూలు దుస్తుల్లో ఉండాలి. తల్లిదండ్రులకు కబురు పెట్టాలి, ప్రొబేషన్ అధికారికి తెలియజేయాలి. స్టేషన్ ఇన్‌చార్జి అధికారే అతణ్ని బెయిల్ మీద వదలవచ్చు. వదలకపోతే పరిశీలన గృహంలో, అంటే మనం అబ్జర్వేషన్ హోం అని పిలిచే చోట మాత్రమే ఉంచాలి. ప్రయాణ సమయం మినహాయించి 24 గంటల్లో న్యాయమండలి ముందుకు తేవాలి.

తమ్ముడు ఒక్కడే దొరికి ఉంటే అసలు ఎఫ్‌ఐఆరే ఉండేది కాదు. ఘోర నేరమైనప్పుడో, పెద్దవాళ్లతో కలిసి చేసినప్పుడో తప్ప పిల్లల మీద ఎఫ్‌ఐఆర్ నమోదు చేయకూడదని నమూనా నియమాలు అంటాయి. స్టేషన్ రోజువారీ పుస్తకమైన జనరల్ డైరీలో రాసుకుని, పిల్లవాడి ఇల్లు, చదువు, స్నేహాల గురించి సామాజిక నేపథ్య నివేదికతో బోర్డుకు పంపితే చాలు. ఇక్కడ అన్న కూడా ఉన్నాడు కాబట్టి ఎఫ్‌ఐఆర్ ఉంటుంది. అయినా విచారణ మాత్రం విడివిడిగానే జరగాలి. మేజర్‌తో కలిపి మైనర్‌ను విచారించడానికి చట్టం ఒప్పుకోదు.

వయసు తేల్చే కాగితం

ఇవన్నీ దక్కాలంటే ముందు వయసు తేలాలి. లెక్కలోకి వచ్చేది పట్టుబడిన రోజు కాదు, ఘటన జరిగిన రోజు. 2005లో ప్రతాప్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఈ సంగతి తేల్చింది. పదిహేడేళ్ల పదకొండు నెలల వయసులో జరిగిన దానికి పందొమ్మిదో ఏట పట్టుబడినా బాలుడి కిందే లెక్క.

కొన్నేళ్ల కిందట ఒక జిల్లా కేంద్రంలో బోర్డు గది బయట బల్ల మీద కూర్చున్న ఒక తల్లిని చూశాను. ఒళ్లో ప్లాస్టిక్ సంచి. అందులో ఆధార్ కార్డులు, రేషన్ కార్డు, మడతల దగ్గర చిరిగిన కరెంటు బిల్లు, ఎందుకైనా మంచిదని తెచ్చిన కొడుకు టీకాల కార్డు. కావలసిన కాగితం మాత్రం లేదు. పిల్లవాడు ఏడో తరగతి దాకా చదివిన బడి నుంచి పుట్టిన తేదీ ధ్రువపత్రం తెమ్మన్నారు. ‘ఆధార్‌లో ఉంది కదయ్యా’ అని ఆమె గుమాస్తాను అడుగుతూనే ఉంది.

ఆమె ప్రశ్న సహజమైనదే. కానీ వయసు తేల్చడానికి అదే చట్టంలోని సెక్షన్ 94 వేసిన వరుసలో ఆధార్ లేదు. మొదట బడి ఇచ్చే పుట్టిన తేదీ పత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చే జనన ధ్రువపత్రం. ఇవేవీ లేనప్పుడే ఎముకల పరీక్ష లాంటి వైద్య పరీక్ష, అదీ ఆదేశం ఇచ్చిన పదిహేను రోజుల్లో. ఆధార్ పుట్టిన తేదీకి రుజువు కాదని 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు ఒక మోటారు ప్రమాద పరిహారం కేసులో స్పష్టంగా చెప్పింది. బడి మానేసిన పిల్లలకే ఈ కాగితం దొరకడం కష్టం. పోలీసుల చేతికి చిక్కేవాళ్లలో బడి మానేసినవాళ్లు ఎంతమందో ఆ బల్ల మీద ఒక పూట కూర్చుంటే తెలుస్తుంది.

బెయిల్ నిరాకరించడానికి మూడే కారణాలు

విడుదల చేస్తే పిల్లవాడు నేరగాళ్లుగా తెలిసినవాళ్లతో కలిసే అవకాశం ఉందని నమ్మడానికి తగిన ఆధారాలు ఉండటం మొదటిది. నైతికంగా, శారీరకంగా, మానసికంగా ప్రమాదంలో పడే అవకాశం రెండోది. విడుదల వల్ల న్యాయ ప్రయోజనాలు దెబ్బతినడం మూడోది. ఈ మూడింటిలో ఏదో ఒకటి ఉంటేనే నిరాకరించాలి, ఎందుకు నిరాకరించారో రాతపూర్వకంగా నమోదు చేయాలి. 2000 నాటి పాత చట్టంలోనూ ఈ మూడు కారణాలే ఉన్నాయి. కారణాలు రాసి తీరాలన్నది 2015లో చేర్చారు.

మొదటి రెండూ పిల్లవాడి క్షేమం కోసం పెట్టినవని చూడగానే తెలుస్తుంది. వివాదమంతా మూడోదాని దగ్గరే. ‘న్యాయ ప్రయోజనాలు’ అంటే ఏమిటి?

కొందరు న్యాయమూర్తులు దీన్ని విశాలంగా చదువుతారు. హత్య, అత్యాచారం లాంటి కేసుల్లో బాధితురాలు అదే వీధిలో ఉంటే, నిందితుడు మూడో రోజుకే ఎదురింటి అరుగు మీద కూర్చుంటే, ఆమెకు న్యాయం ఉన్నట్టా అని అడుగుతారు. ఇది తేలిగ్గా తీసిపారేసే ప్రశ్న కాదు. సాక్ష్యం చెప్పవలసిన అమ్మాయి బయటికి రావడానికే భయపడితే విచారణే దెబ్బతింటుంది.

నేర తీవ్రతను చూసి బెయిల్ కాదనకూడదన్నది రెండో వాదన. దానికి చట్టం అక్షరాల్లోనే బలం ఉంది. నేర తీవ్రత అనే మాట సెక్షన్ 12లో ఎక్కడా లేదు. 2012 డిసెంబరు ఢిల్లీ ఘటన తర్వాత వచ్చిన ఆగ్రహం వల్లే 2015 చట్టం పుట్టింది. పదహారు దాటినవారిని పెద్దవాళ్లలా విచారించే మార్గాన్ని అది తెరిచింది. అంత వేడిలో కూడా పార్లమెంటు బెయిల్ సెక్షన్‌లో నేర తీవ్రతను చేర్చలేదు. చేర్చనిదాన్ని ‘న్యాయ ప్రయోజనాలు’ అనే ముసుగులో కోర్టులు చేర్చితే నియమం, మినహాయింపు తారుమారవుతాయి. నాకు ఈ వాదనే సరైనదిగా కనిపిస్తుంది. బాధితురాలి భయానికి జవాబుగా ఆ వీధికి రాకూడదనో, వేరే ఊళ్లో బంధువుల ఇంట్లో ఉండాలనో షరతు పెట్టవచ్చు. బెయిల్ నిరాకరణ అన్నిటికంటే చివరి మెట్టు కావాలి.

2024 ఆగస్టులో రాజస్థాన్ నుంచి వచ్చిన ఒక కేసులో సుప్రీంకోర్టు చెప్పిందీ దీనికి దగ్గరగానే ఉంది. ఒక బాలుడు ఏడాదికి పైగా నిర్బంధంలో ఉన్నాడు. బోర్డు, కింది కోర్టు, హైకోర్టు అన్నీ బెయిల్ కాదన్నాయి. ఈ మూడు కారణాల్లో ఏది వర్తిస్తుందో ఎవరూ తేల్చి రాయలేదు. అలా తేల్చకుండా నిరాకరించడం కుదరదని చెప్పి సుప్రీంకోర్టు అతణ్ని విడుదల చేసింది.

బోర్డు కాదంటే దారులు మూసుకుపోవు. ముప్పై రోజుల్లో సెషన్స్ స్థాయి కోర్టులో అప్పీలు చేసుకోవచ్చు, ఆ తర్వాత హైకోర్టులో రివిజన్, అంటే కింది ఉత్తర్వు సరైనదో కాదో చూడమనే పిటిషన్ వేయవచ్చు.

గంజాయి సంచీ మోసిన కుర్రాడు

చట్టం పిల్లల నేరాలను శిక్షను బట్టి మూడు తరగతులుగా విడదీసింది. గరిష్ఠ శిక్ష మూడేళ్ల లోపు ఉంటే చిన్న నేరం. కనీస శిక్షే ఏడేళ్లు లేదా అంతకు మించి ఉంటే ఘోర నేరం. మధ్యలోవి తీవ్ర నేరాలు. గరిష్ఠం ఏడేళ్లు దాటినా కనీస శిక్ష లేని నేరాలు ఎందులోకి వస్తాయన్న సందేహం తలెత్తితే, అవి కూడా తీవ్ర నేరాల కిందికే వస్తాయని 2020లో శిల్పా మిత్తల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మరుసటి ఏడాది చట్టాన్నీ అలాగే సవరించారు. ఘోర నేరంలో, అదీ పదహారు దాటినవారి విషయంలోనే, ఆ పని తెలిసి చేయగల సామర్థ్యం ఉందా అని బోర్డు ప్రాథమిక అంచనా వేసి, పెద్దవాడిలా విచారించడానికి సెషన్స్ స్థాయిలో ఉండే చిల్డ్రన్స్ కోర్టుకు పంపవచ్చు. ఈ అంచనా వేరు, బెయిల్ వేరు. ఈ రెంటినీ కలిపేసుకోవడం వల్లనే సగం గందరగోళం.

మన ప్రాంతానికి బాగా దగ్గరైన ఉదాహరణ ఒకటి ఊహిద్దాం. విశాఖ మన్యం వైపు నుంచి వచ్చే రైల్లో పదిహేడేళ్ల కుర్రాడు రెండు సంచులతో దొరికాడు. తూకం 22 కిలోల గంజాయి. 20 కిలోలు దాటితే అది వాణిజ్య పరిమాణం, కనీస శిక్ష పదేళ్లు. అంటే ఘోర నేరం. ఇదే సంచులతో పెద్దవాడు దొరికితే మాదక ద్రవ్యాల చట్టం సెక్షన్ 37 అడ్డు నిలుస్తుంది. అతను నేరం చేయలేదని, బయట ఉంటే మళ్లీ చేయడని కోర్టుకు నమ్మకం కలిగితేనే బెయిల్. అది దాదాపు రాదన్నమాటే.

కుర్రాడి విషయంలో ‘మరే చట్టంలో ఏమున్నా’ అన్న మాట పనిచేస్తుంది. సెక్షన్ 37 పక్కకు జరుగుతుంది, సెక్షన్ 12 నిలుస్తుంది. అంతమాత్రాన బెయిల్ ఖాయమని కాదు. సంచులు ఇచ్చి పంపినవాడు ఇంకా దొరకలేదు, అతనిది అదే ఊరు, కుర్రాడి తండ్రికి అతని దగ్గర అప్పుంది అనుకుందాం. ఇప్పుడు మొదటి కారణం నిజంగానే ఎదురుగా ఉంది. ఇంటికి పంపితే మళ్లీ ఆ సంచీయే చేతికి రావచ్చు. బోర్డు బెయిల్ కాదనవచ్చు. లేదా రాజమండ్రిలో ఉన్న మేనమామ వచ్చి తన దగ్గర ఉంచుకుని చదివిస్తానంటే ఆయన సంరక్షణలో వదలవచ్చు. ఎంత గంజాయి అన్నదాని కంటే, ఇంటి దగ్గర ఎవరు కాచుకుని ఉన్నారన్నదే ఇక్కడ తేల్చవలసిన విషయం. ప్రొబేషన్ అధికారి ఊరికి వెళ్లి, ఇంటివాళ్లతో మాట్లాడి రాసే సామాజిక విచారణ నివేదిక మీద ఎంత భారం ఉంటుందో ఈ ఉదాహరణలో కనిపిస్తుంది. ఆఫీసులో కూర్చుని నింపిన ఫారంలో ఆ అప్పు సంగతి తెలియదు.

పుణెలో జరిగింది ఏమిటి

ఆ ఆదివారం బోర్డు పూర్తిగా కూర్చోలేదు. బోర్డు సమావేశం లేనప్పుడు పిల్లలను ఒక్క సభ్యుడి ముందు హాజరు పరిచే వీలు చట్టంలో ఉంది. బెయిల్ ఇచ్చింది అలా ఒక్కరే. వ్యాసం షరతు ఆ ఘటన బరువుకు ఏ మాత్రం తగదు, అందులో రెండో మాట లేదు. కానీ సెక్షన్ 12ను చూస్తే బెయిల్ ఇవ్వడం వింత కాదు.

మూడు రోజుల తర్వాత పోలీసులు మళ్లీ వెళ్లగా బోర్డు అతణ్ని పరిశీలన గృహానికి పంపింది. బెయిల్ ఉత్తర్వు రద్దు కాలేదు, కుర్రాడు నిర్బంధంలో ఉన్నాడు. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయని అతని మేనత్త బాంబే హైకోర్టుకు వెళ్లారు. జూన్ 25న హైకోర్టు ఆ నిర్బంధం చట్టవిరుద్ధమని చెప్పి అతణ్ని ఆమె సంరక్షణకు అప్పగించింది. పెద్దవాడిలా విచారించాలన్న పోలీసుల అభ్యర్థనను 2025 జూలైలో బోర్డు తిరస్కరించింది. చావుకు కారణమైనట్లు మోపిన సెక్షన్‌కు గరిష్ఠ శిక్ష పెద్దదే కానీ, ఏడేళ్ల కనీస శిక్ష లేదు. పైన చెప్పిన శిల్పా మిత్తల్ గీత దగ్గరే ఈ కేసూ ఆగింది.

ముందస్తు బెయిల్ దొరుకుతుందా

పోలీసులు వెతుకుతున్నారని తెలిస్తే పెద్దవాళ్లు హైకోర్టుకో సెషన్స్ కోర్టుకో వెళ్లి ముందస్తు బెయిల్ అడుగుతారు. పిల్లలు అడగవచ్చా? హైకోర్టులు ఒక మాట మీద లేవు. పిల్లలకు అరెస్టే లేనప్పుడు అరెస్టుకు ముందు బెయిల్ ఏమిటని 2017లో మద్రాసు హైకోర్టు కాదంది. వయసు కారణంగా ఉన్న హక్కును లాక్కోవడం ఏమిటని 2022లో బాంబే, 2023లో అలహాబాద్ హైకోర్టులు ఔనన్నాయి. పేరు మార్చి ‘పట్టుకోవడం’ అన్నా స్వేచ్ఛ పోవడం ఒకటే కదా అన్నది ఈ రెండో వైపు వాదనలో ప్రాణం. పెద్దవాడికి తెరిచిన తలుపు పిల్లవాడికి మూసేయడం పిల్లల చట్టం ఉద్దేశం కాజాలదు.

ఉత్తర్వు వచ్చినా ఇల్లు చేరని పిల్లలు

పెద్ద కేసుల చర్చలో మరుగున పడేది ఇది. బెయిల్ మంజూరవుతుంది, పిల్లవాడు మాత్రం హోంలోనే ఉంటాడు. పదివేలకు ఇద్దరు జామీనుదారులు కావాలంటారు, వలస కూలీ కుటుంబానికి ఆ ఊళ్లో పూచీ పడేవాడు ఒక్కడూ ఉండడు. అందుకే సెక్షన్ 12లో నాలుగో ఉపవిభాగం ఉంది. ఉత్తర్వు వచ్చిన ఏడు రోజుల్లో షరతులు నెరవేర్చలేకపోతే, పిల్లవాణ్ని మళ్లీ బోర్డు ముందుకు తెచ్చి షరతులు మార్చాలి. జామీను లేకుండానే, తల్లిదండ్రుల రాతపూర్వక హామీ మీద కూడా వదలవచ్చు. లాయరు లేకపోతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ నుంచి ఉచితంగా ఇప్పించాలి. ఈ ఏడు రోజుల సంగతి తెలియక వారాల తరబడి బిడ్డను హోంలో వదిలేసిన కుటుంబాలు ఉన్నాయి.

ప్లాస్టిక్ సంచి తల్లికి కూడా తెలియదు. బడి కాగితం దొరికాక బెయిల్ వచ్చింది, జామీను అన్నారు. ‘ఇల్లు రాసిమ్మంటారా? మాది అద్దె ఇల్లు’ అని ఆమె భయపడింది. న్యాయ సేవల తరఫున వచ్చిన కుర్ర లాయరు విషయం బోర్డుకు చెప్పాక, కొడుకును పిలిచినప్పుడల్లా తీసుకొస్తానని, వాడి బాగోగులు చూసుకుంటానని ఆమె చేతనే హామీపత్రం రాయించుకున్నారు. ఆమె వేలిముద్ర వేసి, సిరాను కొంగుకు తుడుచుకుని, కాగితాలన్నీ మళ్లీ సంచిలో సర్దుకుంది. పరిశీలన గృహం ఆ జిల్లాలో లేదు. కొడుకును తెచ్చుకోవడానికి ఇంకో బస్సు ఎక్కాలి. ఆఖరి బస్సు ఎన్నింటికని గుమాస్తాను అడిగి, హడావిడిగా మెట్లు దిగి వెళ్లింది.